సూది ముందు అబద్ధం వద్దు: చిన్నపిల్లాడితో లుకేమియా చికిత్స దాటడానికి ఒక అమ్మ రాసుకున్న మార్గదర్శి

మావాడికి రెండేళ్ల ఎనిమిది నెలలప్పుడు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్ అని తేలింది. అంతకుముందు పది రోజులు వచ్చిపోయే జ్వరం, కాళ్ల మీద కమిలినట్టు మచ్చలు, "ఎత్తుకో, నడవను" అని ఒకటే ఏడుపు. మేం మారాం అనుకున్నాం. ఎముకల్లో నొప్పి అని తర్వాత తెలిసింది. మారాం చేస్తున్నాడని వీపు మీద ఒకటి వేశాను కూడా. ముందుగా ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, ఇది చదివే అమ్మానాన్నల్లో చాలామంది ఇలాంటిదేదో మనసులో పెట్టుకుని కూర్చునే ఉంటారు. మీరొక్కరే కాదు.

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. అందులోనూ రెండు నుంచి ఐదేళ్ల వయసులో ఎక్కువ. అంటే పూర్తి వాక్యం ఇంకా సరిగా రాని, "వద్దు" మాత్రం బ్రహ్మాండంగా వచ్చిన వయసు. చికిత్స మొత్తం రెండు నుంచి మూడేళ్లు. మొదటి నాలుగైదు వారాలను ఇండక్షన్ అంటారు. ఆ తర్వాత కొన్ని నెలలు గట్టి కీమో, ఆపైన ఏడాదిన్నర, రెండేళ్లు ఇంట్లో మాత్రలతో నడిచే మెయింటెనెన్స్.

ఏ మందు, ఎంత, ఎప్పుడు అనేది మీ డాక్టరు చెబుతారు. ఆ మందు పిల్లాడి ఒంట్లోకి ఇల్లు పీకి పందిరేయకుండా ఎలా వెళ్లాలి, ఈలోపు పెద్దవాళ్లం మతి పోకుండా ఎలా ఉండాలి అన్నది చెప్పే తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు. నేను రాసేది ఆ సంగతి.

1. ఇంట్లో ఒక బెదిరింపును రద్దు చేయండి

మన ఇళ్లలో బూచాడి తర్వాత ఎక్కువ పని చేసే మనిషి డాక్టరే. "అన్నం తినకపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా, సూది వేయిస్తా." ఈ మాట అననివాళ్లు ఎవరున్నారు? రెండున్నరేళ్ల పిల్లాడికి దాని అర్థం ఒకటే: తప్పు చేస్తే సూది. ఇప్పుడు వాడికి వారానికి నాలుగు సూదులు పడుతున్నాయి. అంటే తను ఎంత చెడ్డవాడో అని వాడు లెక్క వేసుకుంటాడు. అన్నీ తన వల్లే జరుగుతాయనుకునే వయసది.

కాబట్టి మొదటి రోజే ఇంట్లో అందరికీ, ముఖ్యంగా అమ్మమ్మలకు, నాయనమ్మలకు, పక్కింటి పిన్నికి చెప్పేయండి. సూది శిక్ష కాదు. ఆ మాట ఇంట్లో వినపడకూడదు. మా అత్తయ్యకు ఇది అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. నోటిదాకా వచ్చిన "సూది వే..."ని "సూది వే... వేడివేడిగా ఉప్మా చేస్తా" అని తిప్పేసేది. మాకు నవ్వాగేది కాదు. ఇంట్లో మళ్లీ నవ్వు వినపడింది అక్కడి నుంచే.

2. నిజం చెప్పండి, చిన్న మాటల్లో, కాస్త ముందుగా

"ఏం కాదు, నొప్పే ఉండదు" అన్నాను మొదటి కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) రోజు. నొప్పి పుట్టింది. వాడు ఏడుస్తూ సూదిని చూడలేదు, నా మొహం చూశాడు. ఆ తర్వాత పది రోజులు నేను నీళ్లు తాగమన్నా నమ్మలేదు.

తర్వాత మేం పెట్టుకున్న వాక్యాలు ఇవి: "నీ రక్తంలో జబ్బు ఉంది. మందు దాన్ని తరిమేస్తుంది. నువ్వు ఏ తప్పూ చేయలేదు. అమ్మ ఇక్కడే ఉంటుంది." సూది ముందు: "చీమ కుట్టినట్టు నొప్పి పుడుతుంది. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది. ఏడవచ్చు. చెయ్యి మాత్రం కదపకూడదు." ఏడవడానికి అనుమతి ఇచ్చాక వాడి ఏడుపు తగ్గింది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ముందు రోజు రాత్రే చెప్పొద్దు. ఈ వయసువాళ్లకు "రేపు" అంటే ఇవాళంతా భయపడటమే. ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడో, గదిలోకి వెళ్లే పావుగంట ముందో చెబితే చాలు. అడిగితే మాత్రం ఎప్పుడైనా సరే నిజమే చెప్పాలి. "ఇవాళ సూది ఉందా?" అంటే "ఉంది". లేని రోజు "లేదు" అని మీరన్నప్పుడు వాడు నమ్మి నిద్రపోవాలంటే, ఉన్న రోజు "ఉంది" అనక తప్పదు.

3. ఆటలో ముందు వాడే డాక్టరు

నర్సునడిగి సూది లేని సిరంజీ ఒకటి, కాస్త దూది, ఒక ప్లాస్టర్ ముక్క తెచ్చుకోండి. ఇంట్లో పిల్లాడు డాక్టరు, నాన్న పేషెంటు.

మా ఆయన ఆఫీసులో నోరు విప్పని మనిషి. ఈ ఆటలో మాత్రం పాత సినిమా తల్లిపాత్రలను మించిపోయాడు. మంచం మీద పడి "అమ్మో, డాక్టర్‌గారూ, నాకు భయం, ముందు మా ఆవిడకు వేయండి" అని కాళ్లు కొట్టుకునేవాడు. మావాడు సిరంజీ చేతబట్టుకుని, చాలా విసుగ్గా, అచ్చం నర్సమ్మలాగే, "కదలకు నాన్నా. ఒకటి, రెండు, మూడు. అయిపోయింది. గుడ్ బాయ్" అని దూది నొక్కేవాడు. తర్వాత బిస్కెట్ ఫీజు వసూలు చేసేవాడు. డాక్టరు పేషెంటు దగ్గర బిస్కెట్ తీసుకోవడమేంటని అడిగితే సమాధానం లేదు.

ఒక హద్దు పెట్టుకోండి. ఆటలో నాన్న భయపడవచ్చు, ఏడవచ్చు, కానీ చివర సూది వేయించుకోవాలి. పారిపోయి గెలిచే ఆట ఆడితే, రేపు డే కేర్‌లో (కీమో ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే వార్డు) వాడూ అదే చేస్తాడు. ఇంకొకటి: మందును జ్యూస్ అనీ, చాక్లెట్ అనీ అనొద్దు. డ్రిప్ స్టాండుకు పేరు పెట్టుకోండి (మావాడికది రైలు, పంపు కుయ్ కుయ్ అంటే స్టేషన్ వచ్చినట్టు), ఛాతీ చర్మం కింద పెట్టిన పోర్టుకు, అంటే మందు నరంలోకి ఎక్కించే చిన్న డబ్బీకి, పేరు పెట్టుకోండి (మా ఇంట్లో బటన్). మందును మాత్రం మందనే పిలవండి. ఎవరూ చూడని రోజు జ్యూస్ అనుకుని తాగేస్తే ప్రాణం మీదికొస్తుంది.

4. సూది రోజు

నలుగురు పట్టుకుని, బల్ల మీద పడుకోబెట్టి వేయడం మన దగ్గర మామూలే. రక్తం తీయడానికి, కాన్యులాకు, పోర్టుకు అంత అవసరం చాలాసార్లు ఉండదు. పిల్లాణ్ణి మీ ఒళ్లో, మీకు ఎదురుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా కూర్చోబెట్టుకుని గట్టిగా హత్తుకోండి. ఒక చెయ్యి మాత్రం బయటికి. అది పట్టుకున్నట్టు ఉండదు, ఎత్తుకున్నట్టు ఉంటుంది. నర్సును ముందే అడగండి. "మేం ఇలా కూర్చుంటాం సిస్టర్, మీకు ఇబ్బందా?" అంటే కాదనేవాళ్లు తక్కువ.

మొద్దుబార్చే క్రీమ్ ఉంటుంది. డాక్టరునడిగి రాయించుకుని, సూదికి సుమారు గంట ముందు రాసి, పైన పల్చటి ప్లాస్టిక్ అంటించాలి. పది నిమిషాల ముందు రాస్తే దండగ. డే కేర్‌లో రద్దీ చూసి, మన నంబర్ వచ్చే టైం అంచనా వేసుకుని రాయడం ఒక విద్య. రెండు నెలల్లో వచ్చేస్తుంది.

వాడి చేతిలో ఏదో ఒక నిర్ణయం పెట్టండి. "సూది వేయించుకుంటావా?" అని అడిగితే సమాధానం "వద్దు" అనే. "ఈ చెయ్యా, ఆ చెయ్యా? అమ్మ లెక్కపెట్టాలా, నాన్నా?" అని అడగండి. వాడెంచుకున్నదే చేయండి. చేయలేనిదైతే అడగకండి.

నడుంలో వేసే సూది, అంటే వెన్నెముక నీళ్లలోకి మందు ఎక్కించేది, మత్తిచ్చి చేస్తారు. అప్పుడు అసలు గొడవ సూదితో కాదు, ఖాళీ కడుపుతో. సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు బంద్. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వనిస్తారు. మీ ఆసుపత్రివాళ్లు చెప్పిందే పాటించండి. మేం రాత్రి పదిన్నరకు నిద్రలేపి పెరుగన్నం పెట్టేవాళ్లం. పొద్దున్న ఎవరూ వాడి ముందు టీ కూడా తాగకూడదని ఇంట్లో చట్టం. ఒకసారి మా ఆయన ఆసుపత్రి మెట్ల కింద దొంగచాటుగా సమోసా తింటూ దొరికిపోయాడు. మీసం మీద ఉల్లిపాయ ముక్క. ఆ కేసు వాడు ఇంకా కొట్టేయలేదు.

మత్తు దిగాక ఏం పెడతామన్నది ముందే మాట్లాడుకోండి. మాకు ఇంటి నుంచి హాట్ బాక్సులో తెచ్చిన ఇడ్లీ. "సూది, నిద్ర, ఇడ్లీ" అని వాడే వరస చెప్పేవాడు. ఈ వయసు పిల్లలకు గడియారం లేదు, వరస ఉంది.

5. ఇంట్లో మందులు

గోడకు పెద్ద క్యాలెండర్ తగిలించండి. మన తిథుల క్యాలెండరే. అమావాస్య పక్కనే మాత్రలు రాసుకోండి. మెయింటెనెన్స్‌లో ఒక మాత్ర రోజూ వేయాలి, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్కసారే. దాన్ని పొరపాటున రోజూ వేస్తే చాలా ప్రమాదం. కాబట్టి ఆ వారం పేరు ఎర్ర ఇంకుతో రాసి, వేసింది ఎవరో సంతకం పెట్టాలి. మా ఇంట్లో అది గురువారం. బాబా గుడికి వెళ్లే రోజని అత్తయ్య మర్చిపోదని.

మాత్రలు నూరాల్సి వస్తే విడి గిన్నె, విడి చెంచా, చేతికి గ్లవ్స్. వంటింట్లో అన్నం పక్కన నూరొద్దు. కీమో ఎక్కిన తర్వాత రెండు రోజులు డైపర్లు, వాంతి బట్టలు కూడా గ్లవ్స్‌తోనే తీయాలి. గర్భిణులను ఆ పనికి దూరం పెట్టండి. సిరంజీతో మందు వేసేటప్పుడు నాలుక మీద కాకుండా బుగ్గ లోపలికి, కొంచెం కొంచెంగా. కక్కేస్తే మళ్లీ వేయాలా వద్దా అన్నది సొంతంగా తేల్చుకోవద్దు, ఫోన్ చేయండి. ఆ నంబర్ ఫ్రిజ్ మీద అంటించి ఉండాలి.

రెండు మందుల గురించి ముందే తెలిస్తే గుండె ఆగదు. ఒకటి ఎర్రగా ఉండేది. అది ఎక్కిన రోజు, మర్నాడు సుస్సు కూడా ఎర్రగా వస్తుంది. మందు రంగే, రక్తం కాదు. మావాడు వార్డంతా తిరిగి అందరికీ చూపిస్తానన్నాడు. ఆపలేకపోయాం. రెండోది విన్‌క్రిస్టీన్. దానితో మలబద్ధకం వస్తుంది, దవడ నొప్పి రావచ్చు, కొన్నాళ్లకు నడక తడబడవచ్చు. మలబద్ధకానికి డాక్టరు రాసిన సిరప్ మొదటి రోజు నుంచే ఇవ్వండి. ఎనిమా, కింద నుంచి పెట్టే బిళ్లలు, మన పెద్దవాళ్లు చేసే తమలపాకు కాడ వైద్యం, ఇవేవీ వద్దు. కౌంట్స్ (రక్తకణాల లెక్క) తక్కువున్నప్పుడు అక్కడ చిన్న గీత పడినా ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి వెళ్తుంది.

6. స్టెరాయిడ్ రోజులు

మా అత్తయ్య మాటల్లో "పూనకం రోజులు".

స్టెరాయిడ్ మొదలైన నాలుగో రోజుకల్లా ఆకలి, కోపం, నిద్రలేమి కలిసి వస్తాయి. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది. రాత్రి రెండింటికి లేచి "పప్పన్నం. ఆవకాయ. ఇప్పుడు" అనేవాడు. పప్పు పెడితే "ఈ పప్పు కాదు". ఏ పప్పో వాడికీ తెలియదు. ఒక రాత్రి టమాటా పప్పు మూడుసార్లు తిని, గిన్నె విసిరేసి, నన్ను చూసి "నువ్వు వెళ్లిపో, ఇంకో అమ్మను తీసుకురా" అన్నాడు. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చాను. వచ్చేసరికి మళ్లీ "అమ్మా, పప్పు".

ఈ రోజుల్లో పనికొచ్చినవి చెబుతాను. రాత్రికి సరిపడా అన్నీ వండి పెట్టుకోవడం కుదరదు, నిలవ తిండి వద్దంటారు. అందుకని కడిగిన పెసరపప్పు, బియ్యం చిన్న కుక్కర్లో సిద్ధంగా పెట్టి పడుకునేదాన్ని. మూడు విజిల్స్ లోపు వాడికి కథ చెప్పడం మా ఆయన డ్యూటీ. ఉప్పు, చక్కెర తగ్గించమంటారు, బీపీ, షుగర్ పెరుగుతాయని. ఆవకాయకు డాక్టరు ఒప్పుకోలేదు. చిటికెడు కారం, నెయ్యి వేసి ఎర్రగా కలిపిన ముద్దను "తమ్ముడు ఆవకాయ" అని పెట్టాను. పెద్ద ఆవకాయ ఊరెళ్లిందని చెప్పా. (సరే, అది అబద్ధమే. పప్పుకు సంబంధించిన అబద్ధాలకు మినహాయింపు ఉంది.) మధ్యాహ్నం తర్వాత డోసు పడితే నిద్ర ఇంకా చెడుతుంది. టైం మార్చొచ్చా అని డాక్టరును అడిగి చూడండి.

జబ్బు పిల్లాడని అన్నిటికీ తలూపితే వాడికే భయం వేస్తుంది. ఇంట్లో రోజూ ఉన్న నియమాలన్నీ మాయమైతే, ఏదో పెద్ద ఘోరమే జరుగుతోందని వాడికి అర్థమవుతుంది. మేం మూడు ఉంచాం: కొట్టకూడదు, మందు తప్పదు, నోరు కడగడం తప్పదు. మిగతావన్నీ వదిలేశాం. గోడల మీద బొమ్మలు, నిద్రలో బూట్లు, వారం రోజులు ఒకటే చొక్కా. చెయ్యెత్తినప్పుడు చెయ్యి పట్టుకుని "కోపం రావచ్చు. కొట్టకూడదు. దిండును కొట్టు" అనేవాళ్లం. పాపం ఆ దిండు.

నోటి సంగతి ఒక్కమాట. పుక్కిలించడం రాని వయసు. మరగకాచి చల్లార్చిన ఉప్పునీళ్లలో శుభ్రమైన గాజుగుడ్డ తడిపి, వేలికి చుట్టి, తిన్న ప్రతిసారీ తుడవాలి. పుండ్లు పడ్డాక మొదలుపెడితే ముట్టుకోనివ్వరు.

7. జ్వరం: ఇక్కడ నవ్వులాట లేదు

థర్మామీటర్ ఇంట్లో ఒకటి, బ్యాగులో ఒకటి. చంకలోనే పెట్టాలి. 100.4 డిగ్రీలు దాటి నిలిచినా, ఒక్కసారి 101 చూపించినా, వెంటనే ఆసుపత్రి. పొద్దున చూద్దాం అనుకోవద్దు. పారాసిటమాల్ వేసి తగ్గుతుందేమో చూడొద్దు. ముందు ఫోన్, తర్వాత వాళ్లు చెబితేనే మందు. జ్వరం లేకుండా ఒళ్లు చల్లబడి, మత్తుగా పడుకున్నా, వణుకు వచ్చినా అంతే. ఆసుపత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలన్నది లెక్క. ఇబుప్రొఫెన్, ఆస్ప్రిన్ లాంటివి ఇంట్లో ఉంచకండి, ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు రక్తం ఆగదు.

రిపోర్టు చదవడం నేర్చుకోండి. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో లెక్కగడితే వచ్చేది ఏఎన్‌సీ, అంటే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాల లెక్క. తెల్లకణాలు 1800, న్యూట్రోఫిల్స్ 20 శాతం అయితే 360. 500 లోపు ఉంటే బయటివాళ్లెవరూ గదిలోకి రాకూడదు, మేనమామైనా సరే.

మాది ఖమ్మం. హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లు. అర్ధరాత్రి జ్వరమొస్తే గంటలో చేరలేం. అందుకని మా డాక్టరు దగ్గర ఒక ఉత్తరం రాయించుకున్నాం: జబ్బు ఏమిటి, ఏ కీమో నడుస్తోంది, జ్వరం వస్తే మొదటి డోసు ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఆ కాగితం పట్టుకుని ముందే ఊళ్లోని పిల్లల డాక్టరును కలిసి వచ్చాం. ఒక దసరా రాత్రి అదే కాపాడింది. దూరం నుంచి వచ్చేవాళ్లందరూ ఈ పని ఈ వారమే చేయండి. బ్యాగు ఎప్పుడూ సర్ది ఉండాలి: ఫైలు, రెండు జతల బట్టలు, ఛార్జర్, బొమ్మ.

టీకాల గురించి కూడా ఇక్కడే. చికిత్సలో ఉన్న పిల్లలకు బతికున్న క్రిములతో చేసిన టీకాలు వేయించకూడదు. పల్స్ పోలియో ఆదివారం ఇంటికొచ్చే ఆశా కార్యకర్తకు విషయం చెప్పండి. ఇంట్లో ఇంకో చిన్నబిడ్డ ఉంటే ఆ బిడ్డకు కూడా చుక్కల బదులు ఇంజెక్షన్ పోలియో వేయించాలా అని డాక్టరును అడగండి. అపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా ఆటలమ్మ వచ్చి, మీవాడు వాళ్లతో ఆడి ఉంటే, అదే రోజు ఫోన్ చేయాలి. మచ్చలు కనపడేదాకా ఆగొద్దు.

8. దేవుడితో ఎలా మాట్లాడాలి

జబ్బు పేరు తెలిసిన వారంలో మా ఇంట్లో మొక్కులు పదకొండు. అందరూ విడివిడిగా మొక్కేశారు. తిరుపతికి తలనీలాలు (అత్తయ్య), భద్రాచలానికి కాలినడక (మా తమ్ముడు, వాడు రోడ్డు చివర కిరాణా కొట్టుకూ బండి మీదే వెళ్తాడు), మేడారం సమ్మక్క-సారలమ్మలకు పిల్లాడి ఎత్తు బంగారం (మా అమ్మ). బయటివాళ్లకు చెప్పాలి, మేడారంలో బంగారం అంటే బెల్లం. అమ్మ మొక్కినప్పుడు వాడు పదకొండు కిలోలు. స్టెరాయిడ్ తర్వాత పద్నాలుగు. ఏ బరువుకు ఇవ్వాలన్న దాని మీద ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి.

నేను చేసిన పని ఒక నోటుబుక్ పెట్టడం. మొక్కు, ఎవరు మొక్కారు, ఎప్పుడు తీర్చాలి. చివరి గడిలో అన్నిటికీ ఒకటే రాశాను: "డాక్టరు సరే అన్నాక". కౌంట్స్ లేని పిల్లాణ్ణి క్యూ కాంప్లెక్సులోకి, జాతరలోకి, ఆదివారం చర్చి గుంపులోకి తీసుకెళ్లకూడదు. దేవుడికి కోపం వస్తుందేమోనని అత్తయ్య కంగారు పడితే, మా మామయ్య అన్నాడు: "ఆయన వడ్డీకాసులవాడు. కుబేరుడి బాకీ ఇంకా తీరుస్తూనే ఉన్నాడు. వాయిదాల సంగతి ఆయనకు మనం చెప్పాలా?" ఆ తర్వాత ఆమె మళ్లీ ఎత్తలేదు.

నమ్మకం దగ్గర మేం గీసుకున్న గీత చాలా సులువైనది. నోట్లోకి, రక్తంలోకి, ఊపిరిలోకి వెళ్లేవన్నీ డాక్టరు చేతిలో. మనసులోకి వెళ్లేవి దేవుడి చేతిలో. అంటే తీర్థం, పచ్చిపాల పంచామృతం, ఎవరో పంపిన ఆకు పసరు, పొడులు, భస్మాలు వద్దు. ఆకు మందులు కీమోతో కలిసి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. తీర్థం తెచ్చినవాళ్ల మనసు నొప్పించకుండా నేను తాగేసేదాన్ని. తాయెత్తు కట్టొచ్చు, కాన్యులా ఉన్న చేతికి కాదు. విభూతి నుదుటన పెట్టొచ్చు, పోర్టు మీద కాదు. అగరుబత్తి పొగ పక్క గదిలో. షుగర్ ఉన్న అత్తయ్య శనివారం ఉపవాసాలను రద్దు చేశాం, ఇంట్లో ఇద్దరు పేషెంట్లు మా వల్ల కాదని.

మా వార్డులో పక్క మంచం వాళ్లు కరీంనగర్ ముస్లింలు, ఎదుటి మంచం వాళ్లు కృష్ణా జిల్లా క్రైస్తవులు. నడుంలో సూది రోజు ఎవరి పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్లినా మిగతా ఇద్దరు అమ్మలూ తలుపు దగ్గర నిలబడేవాళ్లు. ఎవరికి తెలిసిన మాటలు వాళ్లం గొణుక్కునేవాళ్లం. అది ఎవరూ చెప్పి పెట్టిన పద్ధతి కాదు.

కోపం వస్తుంది. ఎవరి మీదా అరవలేం. డాక్టరు మీద, మొగుడి మీద అరిచి చూశాను, లాభం లేదు. అప్పుడు మా జిల్లా మనిషే గుర్తొచ్చాడు. రామదాసు గోల్కొండ ఖైదులో కూర్చుని రాముణ్ణి ఎంత మాటన్నాడో మనందరికీ తెలుసు. సీతమ్మకు చేయించిన నగ ఇంత, లక్ష్మణుడికి చేయించింది ఇంత అని లెక్కలు విప్పి మరీ దులిపేశాడు. మూడు వందల ఏళ్లకు పైగా మనం దాన్ని భక్తి అనే పిలుస్తున్నాం. రాత్రి వార్డు కిటికీ దగ్గర నిలబడి నేనూ నా లెక్కలు విప్పేదాన్ని. "ఇవాళ ఆరు సూదులు. నీకు ఒక్కటి వేస్తే తెలుస్తుంది." తిట్టాక నిద్ర పట్టేది. "అంతా ఆయన చూసుకుంటాడు" అని పైకి అంటూ లోపల ఉడికిపోయిన రాత్రులు మాత్రం పట్టలేదు.

"గత జన్మ పాపం", "మీ నమ్మకం చాలక" అనేవాళ్లు వస్తారు. వాళ్లకు ఏఎన్‌సీ 500 లోపు ఉందని చెప్పండి. ఎప్పుడొచ్చినా అదే చెప్పండి.

9. జుట్టు

మొదలైన రెండు నుంచి నాలుగు వారాల్లో రాలుతుంది. దిండు మీద, పెరుగన్నంలో, నోట్లో. దురద పెడుతుంది. మేం ముందే ఇంట్లో ట్రిమ్మర్‌తో తీసేశాం. బ్లేడు వద్దు, గాటు పడకూడదు. ముందు నాన్న గుండు, తర్వాత వాడి గుండు. నాన్నకు తీసింది వాడే, నా చేతిలో చెయ్యి వేసి. మధ్యలో దారి తప్పి ఒక చెవి పక్కన పొలం గట్టులా వదిలేశాడు.

ఒక మంచి సంగతి: తెలుగువాళ్ల మధ్య గుండు పిల్లాణ్ణి ఎవరూ జాలిగా చూడరు. రైలులో ఎదుటి సీటు ఆవిడ తండ్రీకొడుకులను చూసి "తిరుపతి ఎప్పుడెళ్లొచ్చారమ్మా? దర్శనం ఎన్ని గంటలు పట్టింది?" అంది. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. మూడోసారికి "బాగా జరిగిందండీ" అనడం నేర్చుకున్నా. నాలుగోసారి ఒకాయన లడ్డూ అడిగాడు.

10. మిగిలినవాళ్లు, డబ్బులు

పెద్దపిల్లకు ఆరేళ్లు. అమ్మమ్మ దగ్గర వదిలాం. నెల తర్వాత తెలిసింది, తమ్ముణ్ణి తోసేసినందుకే జబ్బు వచ్చిందని అనుకుంటోందని. తోబుట్టువులకు మూడు ముక్కలు విడిగా చెప్పండి: నీ వల్ల రాలేదు, నీకు అంటుకోదు, నీ దగ్గరికి కూడా వస్తాం. చెప్పిన రోజు వెళ్లండి.

డబ్బు గురించి సిగ్గు పడొద్దు. మొదటి రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యశ్రీ డెస్కుకు వెళ్లండి. ఆంధ్రాలో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (చికిత్స ఖర్చుకు ఆసుపత్రికి ఇచ్చే హామీ పత్రం) కూడా అడగొచ్చు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. ఊరి నుంచి వచ్చి ఉండేవాళ్లకు సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ వాళ్లు హైదరాబాద్‌లో ఉచితంగా గది ఇస్తారు. ఆసుపత్రి సోషల్ వర్కర్ ద్వారా అడగాలి. క్యాన్సర్ పేషెంటుకు, తోడు వచ్చేవారికి రైలు టికెట్‌లో రాయితీ ఉంటుంది, ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి.

"ఏమైనా కావాలంటే చెప్పండి" అనేవాళ్లకు నిజంగానే చెప్పండి. మా దగ్గర ఒక చిట్టీ ఉండేది: ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్లు ఇద్దరు (అవి ఐదు రోజులకు మించి నిలవుండవు, కాబట్టి ముందే ఇచ్చి పెడతామంటే కుదరదు), పెద్దదాన్ని బడి నుంచి తెచ్చేవాళ్లు ఒకరు, మంగళవారం ఆసుపత్రికి ఇడ్లీ పంపేవాళ్లు ఒకరు. పండ్ల బుట్టలతో వచ్చినవాళ్ల చేతికి చిట్టీ ఇచ్చేవాళ్లం. కొందరు మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లు రెండేళ్లూ వచ్చారు.

మొగుడూ పెళ్లాం ఒకే రోజు ఏడవకూడదని ఒప్పందం పెట్టుకున్నాం. సోమ, బుధ, శుక్ర నావి. ఆదివారం ఎవరిది అన్న దాని మీద గొడవ పడి ఇద్దరం నవ్వేశాం.

పోయిన నెల మెయింటెనెన్స్ చివరి మాత్ర వేశాం. బటన్ తీసేశారు. టీకాలు మళ్లీ ఎప్పటి నుంచి వేయాలో ఆరు నెలల తర్వాత చెబుతామన్నారు. అప్పటిదాకా నెలనెలా రక్తపరీక్ష. వాడిప్పుడు ఐదేళ్లవాడు, జుట్టు మునుపటికంటే ఒత్తుగా, రింగులు తిరిగి వచ్చింది. అత్తయ్య నోటుబుక్ తీసి తిరుపతి టికెట్ల గురించి మొదలుపెట్టగానే వాడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"నేను ఒకసారి ఇచ్చేశా కదా. నాన్నది ఇవ్వండి."

మొక్కు ఇంకా అలాగే ఉంది. వడ్డీ పెరుగుతోంది.